మందు వేసుకుని సిమ్యులేటర్ నడిపితే ఎస్‌డీఎల్‌పీలో తేడా రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న
మగత తెప్పించే అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమైన్ 50 మి.గ్రా.ను ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చే క్రాసోవర్ స్టడీ అండీ, అంటే ఒక్కో మనిషికీ వేర్వేరు రోజుల్లో రెండూ ఇస్తాం. ప్రధాన కొలత ఎస్‌డీఎల్‌పీ, అంటే బండి లేన్‌లో అటూ ఇటూ ఎంత ఊగిందో చెప్పే ప్రామాణిక విచలనం. పైలట్‌లో ఒక్కొక్కరి చేత 20 నిమిషాలు నడిపించాం. కళ్లు మూతలు పడుతున్నాయని వాళ్లే అంటున్నారు, అంకెల్లో మాత్రం తేడా లేదు. కొందరికైతే ప్లాసిబో రోజే ఎక్కువ వస్తోంది.

జవాబు 1
20 నిమిషాలు చాలవండీ. మత్తులో ఉన్నా అంతసేపు బలవంతంగా నెట్టుకురావచ్చు. నెదర్లాండ్స్‌లో రూపొందిన రోడ్డు పరీక్షలో గంటకు 95 కి.మీ. నిలకడ వేగంతో సుమారు 100 కి.మీ. హైవే నడిపిస్తారు, పక్కన డ్యూయల్ కంట్రోల్‌తో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. మీరూ గంట నడిపించండి. మలుపులు, సిగ్నళ్లు తీసేయండి, అవే మనిషిని మేల్కొలుపుతాయి.

డేటాలో లేన్ మారిన ముక్కలు కత్తిరించారా? సెకనుకు 4 రీడింగుల చొప్పున 5 నిమిషాలకు 1200. మామూలు ఊగు 18 సెం.మీ. అనుకుందాం. ఒక్క ఓవర్‌టేక్‌లో 10 సెకన్లు 3.5 మీటర్ల అవతలి లేన్‌లో ఉంటే ఆ 40 రీడింగులే 18ని 65 దాకా లాగేస్తాయి. ఇక మందు ప్రభావం ఎక్కడ కనిపిస్తుంది! ముక్కల విలువలు కలిపేటప్పుడు ఎస్‌డీలకు (ప్రామాణిక విచలనాలకు) నేరుగా సగటు కట్టకండి. వేరియన్స్‌ల (ఎస్‌డీల వర్గాల) సగటు తీసి వర్గమూలం కట్టండి.

జవాబు 2
ప్లాసిబో రోజున ఎక్కువ రావడానికి నా అనుమానం అలవాటు మీదే. మొదటి రోజు అందరూ స్టీరింగ్‌తో కుస్తీ పడతారు. వేరే రోజు ప్రాక్టీస్ డ్రైవ్ పెట్టి, సగం మందికి ప్లాసిబో ముందు, సగం మందికి మందు ముందు ఇవ్వండి. మింగిన దాదాపు 2 గంటలకు డ్రైవ్ మొదలుపెట్టండి. రెండు రోజులూ అదే టైమ్, కాఫీ బంద్, ముందు రాత్రి నిద్ర యాక్టిగ్రాఫ్‌తో (కదలికలను బట్టి నిద్రను అంచనా వేసే చేతి పట్టీతో) సరిచూడాలి. సిమ్యులేటర్‌లో కడుపు తిప్పినవాళ్లు వేగం తగ్గించేస్తారు, వాళ్లను వేరుగా గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు
థాంక్స్ అండీ. ఎంత పెరిగితే ప్రమాదకరమనాలి? 2.4 సెం.మీ. అని అందరూ రాస్తారు కదా. డ్రైవ్ మధ్యలో కరోలిన్‌స్కా స్కేల్ (ఎంత నిద్ర వస్తోందో మనిషే అంకెలో చెప్పేది) అడగవచ్చా?

జవాబు 3
ఆ 2.4 రోడ్డు మీద, రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దగ్గర వచ్చిన పెరుగుదల. దాన్ని మీ సిమ్యులేటర్‌కు అతికించకండి. అదే సిమ్యులేటర్‌లో ఆల్కహాల్ సెషన్ ఒకటి పెట్టి మీ హద్దు మీరే తేల్చుకోవాలి. సగటుతో ఆగకుండా, ఆ హద్దు దాటి పెరిగినవాళ్లు ఎందరో, అంతే తగ్గినవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. రెండువైపులా సమానంగా ఉంటే అది ఉట్టి నాయిసే.

స్కేల్ డ్రైవ్‌కు ముందూ వెనకా అడగండి. మధ్యలో నోరు విప్పిస్తే మత్తు వదులుతుంది. 10 నిమిషాల పీవీటీ (గుర్తు కనిపించగానే బటన్ నొక్కే అప్రమత్తత పరీక్ష) డ్రైవ్ అయ్యాక పెట్టండి, 500 మిల్లీసెకన్లు దాటిన స్పందనలను ల్యాప్స్‌లుగా (ఏమరుపాట్లుగా) లెక్కించండి. స్కేల్ అడిగాం కదా అని మనిషి మాటనే నమ్ముకోలేం. నిద్రమాత్ర వేసుకున్న మర్నాడు బాగానే ఉన్నామన్నవాళ్ల డ్రైవింగ్ కూడా దెబ్బతిని ఉండవచ్చు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర విషయంలో 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్ల డోసును 10 నుంచి 5 మి.గ్రా.కు తగ్గించమన్నది మర్నాటి ఉదయం రక్తంలో మిగిలే మందును చూసే.