విశాఖ నుంచి కొరియన్ భాషా కోర్సుకి: పేపర్లు, గది, మొదటి మూడు నెలలు

మద్దిలపాలెం_కుర్రోడు:
అందరికీ నమస్కారం. బీటెక్ అయిపోయింది. మార్చి టర్మ్‌కి కొరియాలో ఒక యూనివర్సిటీ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలనుకుంటున్నాను, డీ-4-1 వీసా (భాషా కోర్సుకిచ్చేది) మీద. సియోలా, బూసానా అన్నది ఇంకా తేల్చుకోలేదు. హాంగుల్ (కొరియన్ లిపి) అక్షరాలు చదవగలను, అంతకు మించి రాదు. కన్సల్టెన్సీ వాళ్లు అన్నీ మేమే చూసుకుంటాం అంటున్నారు గానీ, ఏ కాగితం ఎందుకో అడిగితే సరిగ్గా చెప్పట్లేదు. పేపర్ల దగ్గర మనవాళ్లకి ఎక్కడ తేడా కొడుతుంది? దిగాక ముందు ఏం చేయాలి? గది ఎలాంటిది తీసుకోవాలి? ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్లాలి, ఏం పట్టుకెళ్లకూడదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లాసన్స్‌బే_లంగరు:
తమ్ముడూ, ముందు పాస్‌పోర్టు, టెన్త్ మెమో, డిగ్రీ, అమ్మానాన్నల బ్యాంకు పాస్‌బుక్ ఒకేచోట పరిచి పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకో. మన కేసులు ఎక్కువగా ఆగేది అక్కడే. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. నాన్నగారి పేరు బ్యాంకులో ఒక స్పెల్లింగు, నీ బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగు. డబ్బు చూపించేది తల్లిదండ్రులైతే మీ సంబంధం కాగితం మీద రుజువవ్వాలి, ఆ కాగితాల్లో పేర్లు కలవకపోతే ఫైలు కదలదు. చిన్న తేడాలకి రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఇంగ్లిష్‌లో చేయించి జతచెయ్యి. పాస్‌పోర్టులోనే తప్పుంటే అఫిడవిట్‌తో నెట్టుకురావద్దు, మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లి ముందే సరిచేయించు. కొరియాలో ప్రతి కార్డూ ఆ పేరు మీదే వస్తుంది.

తర్వాత అపోస్టిల్, అంటే మన కాగితం వేరే దేశంలో చెల్లేలా అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం వేసే ముద్ర. డిగ్రీకి ముందు రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, ఆ పైన విదేశాంగ శాఖ అపోస్టిల్. కొరియా 2007 నుంచి ఆ ఒప్పందంలో ఉంది కాబట్టి ఎంబసీ ముద్ర విడిగా అక్కర్లేదు. ఒరిజినల్‌కి లామినేషన్ చేయించి ఉంటే తీసుకోరు. దాన్ని పీకబోతే సిరా కూడా లేచిపోతుంది, యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెచ్చుకోవడమే మంచిది. దీనికి వారాలు పడుతుంది. మార్చి టర్మ్ దరఖాస్తులు చాలాచోట్ల నవంబరు, డిసెంబరుల్లోనే మూసేస్తారు, దాన్ని బట్టి లెక్క చూసుకో.

భాషా కోర్సుకి బ్యాంకు నిల్వ సాధారణంగా కోటి వోన్‌లు చూపించాలి, మన డబ్బులో సుమారు ఆరు లక్షల పైమాట. సియోల్ చుట్టుపక్కల కాని ఊళ్లకి ఇది కొంచెం తగ్గుతుంది. వారం ముందు ఎవరి దగ్గరో సర్ది అకౌంటులో వేస్తే స్టేట్‌మెంట్‌లో ఇట్టే దొరికిపోతుంది. ఆ డబ్బు ఎక్కడిదని తప్పకుండా అడుగుతారు.

ఛాతీ ఎక్స్‌రే విషయం కూడా చూసుకో. టీబీ పరీక్ష తప్పనిసరి చేసిన దేశాల్లో మనదీ ఉంది. ఏ ల్యాబ్‌లో పడితే ఆ ల్యాబ్‌లో తీయిస్తే చెల్లదు. ఆంధ్రా చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, వాళ్లు గుర్తించిన ఆసుపత్రుల జాబితా చూసి అందులోనే చేయించుకో. మరీ ముందుగా చేయిస్తే గడువు దాటిపోతుంది.

ఫీజు పంపేటప్పుడు బ్యాంకులో ఛార్జీలన్నీ పంపేవారివే అని ఫారంలో టిక్ పెట్టించు. అది మర్చిపోతే మధ్యలో ఉన్న బ్యాంకు తన వాటా కోసుకుంటుంది, యూనివర్సిటీకి పది ఇరవై డాలర్లు తక్కువ చేరుతుంది. ఆ తేడా తేలేదాకా అడ్మిషన్ లెటర్ ఆపుతారు.

దిగాక: 90 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్‌లో నమోదు చేయించుకుని రెసిడెన్స్ కార్డు తీసుకోవాలి. 90 రోజులున్నాయి కదా అని ఊరుకోవద్దు. ఇమ్మిగ్రేషన్ వాళ్ల హైకొరియా వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంట్లు టర్మ్ మొదట్లో వారాల తరబడి నిండిపోతాయి, కార్డు చేతికి రావడానికి ఆ పైన ఇంకొన్ని వారాలు. దిగిన వారంలోనే స్లాట్ పట్టు. 3.5 × 4.5 సెంటీమీటర్ల తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో, పాస్‌పోర్టు, స్టూడెంట్ సర్టిఫికెట్, ఉంటున్న చోటికి రుజువు కావాలి. కొన్ని ఇన్‌స్టిట్యూట్లు అందరినీ కలిపి నమోదు చేయిస్తాయి, ఓరియెంటేషన్ రోజే అడిగెయ్యి. ఆ తర్వాత ఇల్లు మారితే రెండు వారాల్లోపు కొత్త అడ్రసు తెలపాలి. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ హెల్ప్‌లైన్ 1345కి ఫోన్ చెయ్యి, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

కార్డు వచ్చాక ఫోన్, ఆ తర్వాత బ్యాంకు. ఇక్కడ మళ్లీ పేరే ముఖ్యం. మన పేర్లు నాలుగైదు ముక్కలు. ఫోన్ షాపువాడు ఖాళీలు లేకుండా కొడతాడు, బ్యాంకులో ఇంటిపేరు చివర వేస్తారు. రెండూ కలవకపోతే ఫోన్ ద్వారా చేసే గుర్తింపు తనిఖీ ఫెయిలవుతుంది. దాంతో ఆన్‌లైన్ షాపింగూ, ఫుడ్ ఆర్డరూ, బ్యాంకు యాప్ అన్నీ ఆగిపోతాయి. సంతకం పెట్టేముందు స్క్రీన్ నీ వైపు తిప్పమని, కార్డు మీద ఎలా ఉందో అలాగే, అదే వరసలో, అవే ఖాళీలతో ఉందో లేదో చూసుకో. మొదటి అకౌంటుకి రోజువారీ పరిమితి ఉంటుంది. అద్దె డిపాజిట్ లాంటి పెద్ద మొత్తం కట్టాల్సి వస్తే ముందురోజే బ్యాంకుకి వెళ్లి మాట్లాడుకో.

కైలాసగిరి_గాలి:
ఊరు గురించి నేను చెప్తాను. సియోల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా కంటే రెండు డిగ్రీలు కింద, చలిగాలులు వీచే రోజుల్లో మైనస్ పది కూడా దాటుతుంది. బూసాన్‌లో సగటు సున్నాకి పైనే, అద్దెలూ తక్కువ. సముద్రం, పోర్టు ఉన్న ఊరు, మనవాళ్లకి త్వరగా అలవాటవుతుంది. చుట్టూ బూసాన్ యాస వినిపించినా క్లాసులో చెప్పేది ప్రామాణిక భాషే కాబట్టి చదువుకి నష్టం లేదు. పార్ట్‌టైమ్ పనులు, మన సరుకుల కొట్లు మాత్రం సియోల్ వైపు ఎక్కువ. డబ్బు గట్టిగా లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితైతే నా ఓటు బూసాన్‌కే.

గది: మొదటి టర్మ్‌కి హాస్టల్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకో. దొరక్కపోతే గోషివోన్. మంచం, బల్ల పట్టేంత గది, డిపాజిట్ ఉండదు లేదా నామమాత్రం, అద్దె నెలకి మూడు నుంచి ఐదు లక్షల వోన్‌లు, చాలావాటిలో అన్నం, కిమ్చీ ఉచితం. కిటికీ బయటికి తెరుచుకునే గదే అడుగు, ఇరవై ముప్పై వేల వోన్‌లు ఎక్కువైనా సరే. లోపలి గదుల్లో తేమకి బట్టలు బూజు పడతాయి.

వన్‌రూమ్ అంటే వంటకి, స్నానానికి లోపలే చోటున్న విడి ఒంటిగది ఇల్లు. దానికి పెద్ద డిపాజిట్ కట్టాలి, దాన్ని ‘బోజంగ్‌గుమ్’ అంటారు. సియోల్‌లో మామూలుగా యాభై లక్షల నుంచి కోటి వోన్‌ల దాకా అడుగుతారు. కాంట్రాక్టు ఏడాదికి. మధ్యలో ఖాళీ చేస్తే తర్వాత వచ్చేవాళ్ల బ్రోకర్ కమిషన్ నువ్వే కట్టుకోవడం అక్కడి వాడుక. అందుకే ఊరు, క్లాసు కుదురుకోకముందే వన్‌రూమ్ జోలికి వెళ్లొద్దు. తీసుకునేటప్పుడు ఆ ఇంటి రిజిస్ట్రేషన్ నకలు ఆన్‌లైన్‌లో 700 వోన్‌లకి చూడొచ్చు. ఇంటి మీద పెద్ద అప్పుంటే వదిలెయ్. చేరాక అడ్రసు మార్పు నమోదుచేసి కాంట్రాక్టు మీద తేదీ ముద్ర వేయించుకో. ఇల్లు వేలానికి పోయినా నీ డిపాజిట్‌కి చట్టం కల్పించే రక్షణ ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

బాయిలర్ సంగతి మన ఊరివాళ్లకి ఎవరూ చెప్పరు. అక్కడ వేడి నేల కిందున్న గొట్టాల్లో వేడినీళ్ల నుంచి వస్తుంది. గోడ మీద ప్యానెల్‌లో ‘నాన్‌బాంగ్’ అంటే గది వేడి, ‘ఒన్‌సు’ అంటే కుళాయికి వేడినీళ్లు, ‘వేచుల్’ అంటే బయటికి వెళ్తున్నాం అని. గ్యాస్ బిల్లు భయంతో జనవరిలో పూర్తిగా ఆపేసి రెండ్రోజులు ఊరెళితే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి, ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల మీద పడొచ్చు. వెళ్లేటప్పుడు ‘వేచుల్’ నొక్కు. మైనస్ పదికి పడిపోయిన రాత్రి కుళాయిని వేడి, చల్లటి వైపుల మధ్యలో పెట్టి సన్నటి ధార వదిలిపెట్టు. ఇంట్లో ఉన్నప్పుడు 18 నుంచి 20 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచు. పూర్తిగా చల్లారిన నేల మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. రోజూ పది నిమిషాలు కిటికీ తియ్యి, లేకపోతే అద్దాల మీద నీరు పట్టి గోడ మూలలు నల్లబడతాయి.

చెత్త: మామూలు చెత్త ఆ వార్డు ముద్రున్న సంచిలోనే వెయ్యాలి, సూపర్ మార్కెట్లో అమ్ముతారు. ఇంకో వార్డుకి మారితే పాత సంచులు నేరుగా పనికిరావు. మనవాళ్లు తప్పు చేసేది తిండి చెత్తలో. అక్కడ దాన్ని పశువుల మేతగా, ఎరువుగా మారుస్తారు. అందుకే రొయ్యల పొట్టు, పీత డిప్పలు, ఎముకలు, కోడిగుడ్డు పెంకులు, ఉల్లి, వెల్లుల్లి పొట్టు, టీ పొడి పిప్పి ఇవన్నీ మామూలు సంచిలోకే. అన్నం, కూర, పండ్ల తొక్కలు తిండి చెత్తలోకి, నీళ్లు వార్చేసి. తప్పుగా పారేస్తే జరిమానా వేస్తారు, చాలాచోట్ల కెమెరాలుంటాయి.

పూర్ణామార్కెట్_పోపులపెట్టె:
సామాను గురించి రెండు ముక్కలు, బాబూ. గసగసాలు వద్దు. విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కువ, అక్కడ గసగసాలు నిషేధం. కొరియాలో కూడా గసగసాల మొక్క మత్తుపదార్థాల చట్టం కిందకి వస్తుంది. ఇంట్లో పట్టించిన మసాలాలో కూడా వేయించొద్దని అమ్మకి చెప్పు. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అంతే. పచ్చి మామిడికాయలు, పండ్లు, పచ్చి కరివేపాకు, మాంసంతో చేసినవి, చికెన్ పచ్చడి సహా, ఏవీ పెట్టొద్దు. ఆవకాయ, కందిపొడి, కారం సీలు వేయించుకుని చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకో. నూనె కారకుండా మూత చుట్టూ టేపు, ఆ పైన రెండు కవర్లు.

చాలా గదుల్లో ఇండక్షన్ స్టవ్వే. మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అడుక్కి అయస్కాంతం అతుక్కునే స్టీల్ కుక్కర్, మూడు లీటర్లది చాలు. కరెంటు 220 వోల్టులే కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, ప్లగ్ మాత్రం రెండు గుండ్రటి పిన్నులది, అడాప్టర్ ఇక్కడే కొనుక్కో. అక్కడి బియ్యం పొట్టిగా, జిగటగా ఉంటుంది. పప్పన్నానికి బాగానే ఉంటుంది గానీ పులిహోరకి పొడిపొడిగా రాదు. కందిపప్పు, బాస్మతి సియోల్ ఇతేవోన్ కొట్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి, అవి మోసుకెళ్లి బరువు దండగ చేసుకోకు. చలికోటు కూడా ఇక్కడ కొనకు. విశాఖలో దొరికేవి ఆ చలికి ఆనవు, లోపల వేసుకునే థర్మల్స్ రెండు జతలు చాలు.

గొడ్డుమాంసం తినకపోతే ‘సోగోగి’ అన్న మాట గుర్తుపెట్టుకో. కూరగాయల సూప్‌లో కూడా ఆ రసం పొడి వేస్తారు, అడిగి తీసుకో.

అక్షరం_గుణింతం:
చదువు గురించి ఎవరూ చెప్పలేదు. టర్మ్‌కి పది వారాలు, 200 గంటలు, రోజుకి నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు. హాజరు 80 శాతం లేకపోతే మార్కులెన్ని వచ్చినా పై లెవెల్‌కి పంపరు. అంటే పదిరోజులు మానేస్తే అంచుమీద ఉన్నట్టే. వీసా పొడిగింపులో కూడా చూసేది హాజరే.

వాక్యం కట్టడంలో తెలుగువాళ్లకి చాలా సులువు: క్రియ చివర, విభక్తులు మాట వెనక. ఇంగ్లిష్‌లో ఆలోచించి తర్జుమా చేసుకోకు, నేరుగా తెలుగు నుంచి వెళ్లు. ఇబ్బంది ఉచ్చారణలో. వాళ్లకి ‘క’ వరసలో మూడు ధ్వనులు. జంటగా రాసేది మన ‘క’కి దగ్గర, ఊపిరితో పలికేది ‘ఖ’కి దగ్గర. మామూలుగా రాసేది మాట మొదట్లో కొద్దిగా ఊపిరితో ‘క’లా, రెండు అచ్చుల మధ్య ‘గ’లా వినిపిస్తుంది. మాట మొదట్లో ‘గ’ పలికితే తప్పు తెలిసిపోతుంది. రెండోది, పొల్లుతో ముగిసే మాటల చివర మనం తెలియకుండా ‘ఉ’ చేరుస్తాం. పుస్తకాన్ని ‘చెక్’ అనాల్సింది ‘చెక్కు’ అంటాం, అది ఇంకో అక్షరంగా వినబడుతుంది. నాలుక ఆపి గాలి వదలకుండా ఉంచడం రోజూ గట్టిగా చదువుతూ సాధన చెయ్యి. వెళ్లేముందే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ (కొరియా ప్రభుత్వ భాషా సంస్థ) ఉచిత ఆన్‌లైన్ పాఠాలతో మొదటి లెవెల్ సగం పూర్తిచెయ్యి. చేరేటప్పుడు ఏ లెవెలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్టులో రెండో లెవెల్‌కి వెళ్తే ఒక టర్మ్ ఫీజు మిగిలినట్టే.

మద్దిలపాలెం_కుర్రోడు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ప్రింట్ తీసుకుంటున్నాను. ఒక్కటే మిగిలింది: పార్ట్‌టైమ్ చేస్తూ ఖర్చులు వెళ్లదీయొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అన్నారు. నిజమేనా?

లాసన్స్‌బే_లంగరు:
మొదటి ఆరునెలలు కుదరదు తమ్ముడూ, డీ-4కి అసలు అనుమతే ఇవ్వరు. ఆ తర్వాత కూడా పని మొదలుపెట్టకముందే ఇమ్మిగ్రేషన్ అనుమతి కావాలి: ఇన్‌స్టిట్యూట్ సంతకం, యజమానితో కాంట్రాక్టు, హాజరు పత్రం. వారానికి ఎన్ని గంటలన్నది టోపిక్ (కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష) స్థాయి మీద ఉంటుంది. రెండో స్థాయి ఉంటే 20 గంటలు, లేకపోతే అందులో సగమే. మొదటి రెండు స్థాయిలకీ ఉన్న టోపిక్-1 పరీక్ష 200 మార్కులకి, రెండో స్థాయికి 140 రావాలి. ఆ సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది. కనీస వేతనం 2026లో గంటకి 10,320 వోన్‌లు. వారానికి 20 గంటల లెక్కన వేసుకున్నా గది, తిండి గడుస్తాయేమో గానీ టర్మ్ ఫీజు రాదు. డెలివరీ పని, నిర్మాణ పని స్టూడెంట్లకి నిషేధం. చేతికి క్యాష్ ఇస్తాం, కాగితాలెందుకు అనేవాళ్ల దగ్గర చేరొద్దు. పట్టుబడితే పొడిగింపు పోతుంది, జీతం ఎగ్గొట్టినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

కాబట్టి రెండు టర్మ్‌ల ఫీజు, ఆరునెలల గది, తిండి ఖర్చు చేతిలో ఉంటేనే బయల్దేరు. ఆరోనెల దాటగానే జాతీయ ఆరోగ్య బీమా తప్పనిసరి అవుతుంది, నెలనెలా కట్టాలి. స్టూడెంట్లకి తగ్గింపు ఉన్నా బాకీ పడితే వీసా పొడిగింపు దగ్గర ఆపుతారు. ఆ మొత్తాన్ని ఇప్పుడే నీ లెక్కలో కలుపుకో.