లీడ్ ట్రంపెట్ ఊదుతుంటే మిగతా ముగ్గురూ తగ్గాలా?

రెండో కుర్చీ:
మాది డాలస్ దగ్గర చిన్న బిగ్ బ్యాండ్ (ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లతో జాజ్ వాయించే బృందం), అందరం సరదాకి వాయించేవాళ్లమే. ట్రంపెట్లు నలుగురం, నాది రెండో పార్ట్. లీడ్ ఆయన, అంటే పైస్వరాలుండే మొదటి పార్ట్ వాయించేవాడు, "మీ మోతలో నాది నాకే వినపడట్లేదు, తగ్గండి" అంటాడు. తగ్గితే కండక్టర్ "సెక్షన్ పల్చబడింది" అంటాడు. ఎవరి మాట వినాలి? వంత అన్నాక గొంతు తగ్గించుకోవడమే పద్ధతి కదా అని నా ఉద్దేశం.

తారస్థాయి:
తగ్గండి. నేను పదేళ్లుగా లీడ్ వాయిస్తున్నా. పైన హై సి (ట్రంపెట్‌లో బాగా పైనుండే స్వరం) పట్టుకుని ఉన్నప్పుడు, సగం స్వరం కింద రెండో పార్ట్ అరుస్తుంటే నేనింకా గట్టిగా ఊదాల్సి వస్తుంది. రెండో సెట్ వచ్చేసరికి పెదాలు పనిచేయవు.

బ్యాండు తాత:
బాబూ, ముందు ఆ 'వంత' మాట సరిదిద్దుకో. బుర్రకథలో వంతలు గొంతు దాచుకుంటే కథ నడుస్తుందా? వాళ్ల గుమ్మెటలు గట్టిగానే మోగుతాయి. కాకపోతే కథకుడు ఎక్కడ వదిలితే అక్కడే అందుకుంటారు.

ఇక లెక్క చూడు. లీడ్ హై సి ఊదితే పలికేది సుమారు 932 హెర్ట్జ్. నాలుగో పార్ట్‌కి చాలాసార్లు అదే స్వరం ఒక స్థాయి కింద ఇస్తారు, అంటే 466. పైది ఎలాగూ చెవిలోకి దూసుకొస్తుంది. కిందది నిండుగా, శ్రుతిలో లేకపోతే పైవాడికి కాలు మోపే నేల ఉండదు. శ్రుతి వెతుక్కుంటూ ఇంకా బలంగా ఊదుతాడు, అలిసిపోయి మిమ్మల్ని తిడతాడు. నేను పోలీసు బ్యాండులో ఉన్నన్నాళ్లూ "వినపడట్లేదు" అని చివాట్లు తిన్నది నాలుగోవాడే.

తారస్థాయి:
తాతగారూ, నాలుగో పార్ట్ సంగతి ఒప్పుకుంటా. రెండోవాడి సంగతి మాత్రం ఒప్పుకోను.

బేసీ పిచ్చోడు:
అమెరికా జాజ్ దిగ్గజం కౌంట్ బేసీ బ్యాండ్ 1957లో వాయించినవి వినండి. స్నూకీ యంగ్ లీడ్, పక్కన థాడ్ జోన్స్, జో న్యూమన్, వెండెల్ కల్లీ. సోలోకి నిలబడితే ఒక్కొక్కడూ దిట్టే. నలుగురూ కలిస్తే మాత్రం ఒకడే ఊదినట్టుంటుంది. వాళ్లెవరూ భయపడి తగ్గినట్టు నాకనిపించదు. లీడ్ స్వరాన్ని ఎంత పొడుగు పట్టాడో అంతే పడతారు, వాడు వదిలినప్పుడే వదులుతారు. లీడ్ ఆపేశాక మీ స్వరం ఇంకో క్షణం వేలాడితే, మెల్లగా ఊదినా మోతగానే వినిపిస్తుంది. ఇంతకీ మీ లీడ్ ఎక్కడ కూర్చుంటాడు?

పెళ్ళి ట్రంపెట్, తెనాలి:
మా ఊరేగింపుల్లో పార్టులూ గీర్టులూ ఉండవన్నా. ముగ్గురం ఒకే పాట ఊదేస్తాం. ఒకడికి దమ్ము అయిపోతే మిగతా ఇద్దరూ లాగుతారు. మీ లీడ్‌కి అంత కష్టమైతే పాటలు పంచుకోవచ్చుగా?

తారస్థాయి:
పంచుకునే బ్యాండ్లూ ఉన్నాయి తమ్ముడూ. మా వాళ్లకి పైస్వరాలు రావు, అదీ బాధ.

రెండో కుర్చీ:
మా లీడ్ ఇన్నాళ్లూ ఒక చివర కూర్చునేవాడు. నిన్న మధ్యలోకి, నా పక్కకి జరిపాం. నేనూ నాలుగో ఆయనా ట్రంపెట్ బెల్‌ని (ముందున్న వెడల్పు మూతిని) నోట్సు పెట్టుకునే స్టాండులోకి వంచి వాయిస్తున్నామని అప్పుడు గమనించాం. స్టాండులు కిందికి దించాం. నాలుగో ఆయన్ని పెంచమన్నాం. నేను మోత అలాగే ఉంచి, వదలడం మాత్రం లీడ్‌తో కలిపి వదిలాను. రెండు గంటల్లో ఒక్కసారి కూడా "తగ్గండి" అనలేదు. కండక్టర్ మాత్రం ఇప్పుడు ట్రాంబోన్లు వినపడట్లేదంటున్నాడు.