అమ్మకి వాకర్ ఉంది: రాజమండ్రిలో బస గోదారి గట్టు దగ్గరా, హైవే వైపా?

ముమ్మిడివరం అమ్మాయి
అమ్మకి తుంటి ఎముక మార్పిడి ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి ఊరు ప్రయాణం. వాకర్ పట్టుకుని గదిలోంచి వీధిలోకి వచ్చేంత నడుస్తుంది. పట్టుకుంటే రెండు మెట్లు ఎక్కుతుంది, ఆపైన ఆయాసం. కార్తీకంలో రాజమండ్రిలో రెండు మూడు రోజులుండాలి. మార్కండేయస్వామి గుడి, పుష్కర ఘాట్లో సాయంత్రం హారతి, ఆ తర్వాత చీరలు, అంతే ఆవిడ కోరికలు. అన్నయ్యేమో మోరంపూడి వైపు హైవే మీద కొత్త హోటల్ తీసుకుందాం, లిఫ్టు, విశాలమైన బాత్రూం ఉంటాయంటాడు. నేను గట్టు దగ్గరి కోటగుమ్మంలో ఏదో ఒక లాడ్జి చాలంటాను. ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారండీ?

గట్టు మీద గోపి
గట్టు పక్కనే, ఇంకో మాట లేదు. పెద్దవాళ్ళతో ఊరు చూడడమంటే పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. మధ్యలో అన్నం తిని నడుం వాల్చాలి. మోరంపూడిలో దిగితే ఘాటుకి ఐదారు కిలోమీటర్లు. మధ్యాహ్నం అంత దూరం వెనక్కెళ్ళి మంచమెక్కినావిడ సాయంత్రం మళ్ళీ లేస్తారా? "నాకెందుకులే, మీరెళ్ళి రండి" అంటారు. అంత పెద్ద బాత్రూం ఉన్న గదిలో టీవీ చూసుకోడానికైతే ముమ్మిడివరంలోనే ఉండొచ్చు కదండీ, ఆయ్.

చక్రాల కుర్చీ
పై సలహా నడవగలిగినవాళ్ళు ఇచ్చే సలహా. నేను పన్నెండేళ్ళ వయసు నుంచీ కుర్చీలోనే తిరుగుతున్నాను. గట్టు దగ్గరి పాత లాడ్జీల సంగతి చెబుతాను వినండి. రోడ్డు మీద నుంచి వసారాకి నాలుగు మెట్లు. లిఫ్టు మెట్ల పైన ఉంటుంది! అడిగితే "మా కుర్రాళ్ళు ఎత్తుకుంటారు సార్" అంటారు. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను గోనె బస్తాలా ఎత్తుకుని వెళ్తుంటే వీధంతా చూస్తుంది. హారతి చూసొచ్చిన ప్రతిసారీ ఆ ఊరేగింపు భరించాలా?

ఇక బాత్రూం. రెండున్నర అడుగుల తలుపు అంటారు. అది దారబందం బయటి కొలత. లోపల ఖాళీ పాతిక అంగుళాలుంటే గొప్ప. తలుపు పూర్తిగా వెనక్కి తెరుచుకోకపోతే ఇంకా తగ్గుతుంది. ఆసుపత్రుల్లో కనబడే మామూలు మడత కుర్చీ వెడల్పు కూడా దాదాపు అంతే. వేళ్ళ కణుపులు చెక్కుకుపోవడం తప్ప లోపలికి పోదు. పైగా నీళ్ళు గదిలోకి రాకుండా మూడంగుళాల గడప. దగ్గరా దూరమా అన్నది తర్వాత, ముందు పడుకున్న చోట ఒంటికెళ్ళగలగాలి.

లంక అబ్బాయి
అసలు ఉండడం ఎందుకండీ? అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా కారులో 60 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారి బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. లేదా చుట్టాలిల్లు ఉంటే అక్కడ దిగండి. లాడ్జి డబ్బులు దండగ.

పాలకొల్లు ఫిజియో
లంక అబ్బాయిగారూ, కొత్త తుంటి ఉన్నావిడని ఒకే రోజు రానూపోనూ కారులో కూర్చోబెట్టకండి. చాలామందికి డాక్టర్లు చెప్పే జాగ్రత్త ఒకటుంది: తుంటి దగ్గర 90 డిగ్రీల కంటే ఎక్కువ వంగకూడదు. అంటే మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. కారు సీట్లు కిందికి ఉంటాయి, అందుకే దిండు వేసి ఎత్తు చేయాలి, దారిలో దింపి నాలుగడుగులు వేయించాలి. ఎన్నాళ్ళు పాటించాలో ఆపరేషన్ చేసిన డాక్టర్నే అడగండి.

చుట్టాలిల్లంటే గుర్తొచ్చింది. మనవైపు వరద భయంతో అరుగులు ఎత్తుగా కడతారు. లోపలికెళ్తే చాలా ఇళ్ళలో కింద కూర్చునే దొడ్డే. ఈవిడకి అది కుదరదు. మొహమాటానికి "పర్లేదు" అనేసి ఆ రెండు రోజులూ నీళ్ళు తాగడం మానేసే పేషెంట్లని చూశాను.

నేనైతే మంచం ఎత్తు, కమోడ్ ఎత్తు, ఈ రెండూ ముందు అడుగుతాను. కొత్త హోటళ్ళలో స్టైల్ కోసం మంచాలు మోకాలి కిందికి వేస్తున్నారు, వాటి మీంచి లేవడం నరకం. పాత లాడ్జీ చెక్క మంచమే నయం. కమోడ్ మీద పెట్టుకునే ఎత్తు సీటు మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, సంచిలో పట్టుకెళ్ళండి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అమ్మగారికి ఇది బాగా అలవాటు చేయించండి.

రిసెప్షన్ బాబాయ్
నేను చాలా ఏళ్ళు లాడ్జి కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, కాబట్టి లోపలి మాట. ఫోన్ చేసి "లిఫ్టు ఉందా" అనడిగితే "ఉందండి" అంటాం, అబద్ధం కాదుగా! "రోడ్డు నుంచి లిఫ్టు దాకా మెట్లెన్ని" అనడగండి. అవతలివాడు కాసేపు ఆగాడంటే లెక్కపెట్టుకుంటున్నాడని అర్థం. "కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్టు నడుస్తుందా, లైట్లూ ఫ్యాన్లేనా" అన్నది రెండో ప్రశ్న. తర్వాత బాత్రూం తలుపు మధ్యలో టేపు పెట్టి ఫోటో తీసి వాట్సాప్ చేయమనండి. గది ఖాళీగా ఉంటే రెండు నిమిషాల పని. చేయనన్నవాడి దగ్గర దిగకండి.

కార్తీక సోమవారాలూ, పౌర్ణమీ వదిలేసి రండి. ఆ రోజుల్లో కింది అంతస్తు గది అట్టేపెడతామని చెప్పినా నిలబెట్టుకోవడం కష్టం. 2027లో పుష్కరాలొస్తే ఇంకేం చెప్పను.

చట్టం చదివినోడు
వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. జనం వాడే భవనం ప్రైవేటుదైనా ఆ చట్టం కింద పబ్లిక్ భవనమే. నిబంధనలు 2017లో వచ్చాయి, పాత భవనాలకి ఐదేళ్ళ గడువిచ్చారు, అదీ దాటిపోయింది. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మనం టేపులు పట్టుకుని బతిమాలుకోవడమేంటి? కట్టమని అడగాలి.

గట్టు మీద గోపి
కోటగుమ్మం సందుల్లో నాలుగు మెట్ల ఎత్తుకి అంత పొడుగు ర్యాంపు వేస్తే అది ఎదురింటి గుమ్మంలో తేలుతుంది మేష్టారూ.

చక్రాల కుర్చీ
అందుకేగా అక్కడ వద్దంటున్నది. గోపీగారు నా వాదనే నాకు అప్పజెప్పారు.

ముమ్మిడివరం అమ్మాయి
దానవాయిపేట ఎలా ఉంటుంది? అక్కడ ఆసుపత్రులెక్కువ కాబట్టి హోటళ్ళవాళ్ళకి పేషెంట్లు అలవాటేమో అని మా వదిన అంటోంది. ఘాటుకి రెండు మూడు కిలోమీటర్లే కదా.

రిసెప్షన్ బాబాయ్
వదినగారి మాటలో పసుంది. ఆసుపత్రుల చుట్టుపక్కల లాడ్జీల్లో రాత్రిపూట వేణ్ణీళ్ళకో, గంజికో లేపినా విసుక్కోరు. కొన్నిచోట్ల వీల్‌చెయిర్ కూడా ఓ మూలన పడుంటుంది. గాలి కొట్టి ఉందో లేదో చూసుకోండి.

గట్టు మీద గోపి
అదీ ఆసుపత్రి వాసనే కదండీ. ఆవిడ ఇన్నాళ్ళూ ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఇప్పుడు సరదాకి బయటికొస్తుంటే, మళ్ళీ కిటికీలోంచి అంబులెన్సులు చూడాలా? గట్టు దగ్గర దిగితే పొద్దున్నే కుర్చీ వేసుకుని నీళ్ళనీ, ఆర్చి బ్రిడ్జి మీద రైళ్ళనీ చూస్తారు. ఘాటు మెట్లు దిగక్కర్లేదు. చెంబుతో గోదారి నీళ్ళు తెచ్చి పైనే నెత్తిన చల్లుకుంటే స్నానమైనట్టే, పురోహితులు కూడా కాదనరు. చీరల దగ్గర మాత్రం నాది వేరే లెక్క. తాడితోట హోల్‌సేల్ దుకాణాల్లో ఆవిడని తిప్పకండి. మీరెళ్ళి నాలుగు ఎంచుకుని వీడియో కాల్లో చూపించండి.

ముమ్మిడివరం అమ్మాయి
ఫోన్లు చేశానండీ. హైవే హోటలాయన బాగా మాట్లాడాడు, మెట్లు లేవన్నాడు. ఫోటోలో మంచం మాత్రం మోకాలి కిందికే ఉంది, రెండో పరుపు వేయిస్తానన్నాడు. గట్టు దగ్గర ఒక లాడ్జిలో కింది గది దొరికింది: గుమ్మానికి రెండే మెట్లు, పక్కన ఇనుప రెయిలింగు, తలుపు ఖాళీ ఇరవై ఆరు అంగుళాలు. అమ్మ వాకర్ కొలిచాను, ఇరవై రెండు. గట్టు దగ్గరిదే ఖాయం చేశాం. అన్నయ్య ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

పాలకొల్లు ఫిజియో
రెయిలింగు ఎక్కేటప్పుడు ఏ చేతివైపు ఉందో అడిగారా? ఒకవైపే ఉంటే రెండోవైపు మీరుండాలి. బాత్రూంలో నేల తడిగా ఉంచకండి, రబ్బరు చాప పట్టుకెళ్ళండి.

చక్రాల కుర్చీ
మీ అమ్మగారికి ఆ గది సరిపోతుంది, సంతోషం. హాయిగా హారతి చూసి రండి. కానీ పోటీ తేలిపోయిందని గోపీగారు అనుకోనక్కర్లేదు. ఆ రెండు మెట్లూ, ఆ ఇరవై ఆరు అంగుళాలూ నాకు గోడతో సమానం. నాలాంటివాళ్ళు అడిగితే నేను ఇప్పటికీ హైవే అనే చెబుతాను, ఆటో ఖర్చు ఎక్కువైనా సరే.