సమస్యాపూరణం: ‘నత్త తార కడకు నడచి చేరె’

ఆటవెలదిలో పూరించండి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ప్రాస అక్కరలేదు.

ఈసారి నత్త ఒక నక్షత్రనౌక పేరు కావాలి, ఆ పేరు నవ్వించాలి. వింత పేరు పెట్టడం ఊరికే జరిగే పని కాదు. 1969 మార్చిలో అపోలో 9 యాత్రలో రెండు నౌకలు విడివిడిగా ఎగరాల్సి వచ్చింది. రేడియోలో ఏది ఏదో తెలియాలి కాబట్టి కాళ్ళున్న దానికి ‘స్పైడర్’ అనీ, మిఠాయి ఆకారంలో ఉన్నదానికి ‘గమ్‌డ్రాప్’ అనీ పేర్లు పెట్టారు. అంటే పేరు ముందు చెవికి పనికిరావాలి, నవ్వు ఆ తరువాత. పద్యానికీ ఇదే కొలత.

మొదటి పూరణ

దిష్టి తగులకుండ దీనికిఁ బెట్టిరి
వింత పేరు, నింగివీధిలోనఁ
బదవవంతు కాంతివడితోడఁ బరుగెత్తి
నత్త తార కడకు నడచి చేరె!

సమీక్ష: ఊహ చాలా బాగుంది. పుట్టిన పిల్లలు దక్కనప్పుడు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టే మన అలవాటును నౌకకు తెచ్చారు. మొదటి రెండు నమూనాలు కాలిపోయాక మూడోదానికి ఇలాంటి పేరు పెట్టారంటే ఏ పాఠకుడైనా నమ్ముతాడు. లెక్కా సరిపోయింది: సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి తార ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరం, కాంతివేగంలో పదోవంతుతో 42 ఏళ్ళకు పైగా పడుతుంది. వాయేజర్ 1 వ్యోమనౌక వేగంతో, అంటే సెకనుకు 17 కిలోమీటర్లతో పోతే దాదాపు 75 వేల ఏళ్ళు.

రెండు సవరణలు. మూడో పాదంలో పరుగెత్తి, నాలుగో పాదంలో నడిస్తే పొసగదు. ‘బయనించి’ అనండి, గణం మారదు; బండి నడిచినట్టే నౌకా నడుస్తుంది. ఇక నత్త అనే పేరే ఎందుకో పద్యంలో లేదు. 42 ఏళ్ళు ఇల్లు మోసుకుపోయే నౌక కదా! రెండో పాదాన్ని ఇలా మారిస్తే కారణం కూడా వచ్చేస్తుంది:

దిష్టి తగులకుండ దీనికిఁ బెట్టిరి
వెంట నిల్లు మోయు వింత పేరు;
పదవవంతు కాంతివడితోడఁ బయనించి
నత్త తార కడకు నడచి చేరె!

ప్రశ్న: గురువుగారూ, మూడో పాదంలో ప–వ యతి చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుందండీ. ప, ఫ, బ, భ, వ లకు పరస్పరం యతి కుదురుతుంది. అచ్చు కూడా కలవాలి, ఇక్కడ రెండూ అకారాలే. ‘పదవవంతు కాంతివడి’ని మాత్రం ‘కాంతివడిలో పదవవంతు’ అని అన్వయించుకోవాలి.

రెండో పూరణ

ఇంధనమ్ము తీరి యిరుకునఁ బడినట్టి
యల్లుఁడన్న యోడ కండగాఁగ
నుదజనిని వహించి యోపికతోడ మే
నత్త తార కడకు నడచి చేరె!

సమీక్ష: భేష్! నత్తను మేనత్త చేశారు, తారను ఆవిడ పేరు చేశారు, ‘కడకు’ను ‘చివరికి’ చేశారు. ఒక్క ‘మే’తో సమస్య మొత్తం తిరిగిపోయింది. పాదం ‘న’తోనే మొదలవుతోంది కాబట్టి యతికి ఢోకా లేదు. చుట్టరికాల పేర్లు ఒక నౌకాదళానికంతా సరిపోతాయి: పిలవకపోయినా వచ్చేది మేనత్త, మర్యాద చేస్తేగాని కదలనిది అల్లుడు.

సాంకేతికంగా ఒక మాట. ద్రవ ఉదజని (హైడ్రోజన్) మైనస్ 253 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఘనపు మీటరుకు సుమారు 71 కిలోలే తూగుతుంది. వంద టన్నులు మోయాలంటే 1,400 ఘనపు మీటర్ల ట్యాంకు కావాలి. ఎండ పడకుండా కప్పు, ఆవిరిని మళ్ళీ చల్లార్చే యంత్రం లేకపోతే, మేనత్త ఓపికగా వచ్చేసరికి అల్లుడికి మిగిలేది ఖాళీ ట్యాంకే. కథ రాసేవారు ఆ యంత్రాన్ని మరవకండి.

మూడో పూరణ

ఇసుక మీద దిగిన యినుపకాళ్ళ పడవ
రాకె టాగిపోవ రాళ్ళ నడుమ;
మాతృనౌక పేరు తారయే, మెల్లఁగా
నత్త తార కడకు నడచి చేరె!

సమీక్ష: ‘నడచి’ని నిజంగా కాళ్ళతో నడిపించింది మీరొక్కరే, అభినందనలు. కాని మూడో పాదంలో మా–తా యతి కుదరదు. ‘తల్లిపడవ పేరు’ అంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి. ఇంకో లోపం పెద్దది: ఇనుపకాళ్ళ పడవ పేరే నత్త అని ఎక్కడా చెప్పలేదు. చివరి పాదంలో నత్తకు కొటేషన్ గుర్తులు పెడదామంటే, గుర్తులు వినేవారికి వినపడవు.

సవరించిన పద్యం:

నత్తపేర దిగిన నాల్కాళ్ళ పడవకు
రాకె టాగిపోయె రాళ్ళ నడుమ;
తల్లిపడవ పేరు తారయే, మెల్లఁగా
నత్త తార కడకు నడచి చేరె!

ఒక సభ్యురాలి సూచన: ఒకే దళంలో నత్త, అత్త, గిత్త వద్దండీ. రేడియో గరగర మధ్య మొదటి అక్షరం పోతే మూడూ ఒకటే. ‘ఆగు’, ‘రెండు’ లాంటివీ వద్దు. పేరో ఆజ్ఞో అంకో తేలేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. ఎంచుకున్న పేరుకు కి, లో, నుంచి తగిలించి పైకి అని చూడండి. ‘నత్తలోకి ఎక్కండి’ ఎంత హాయిగా ఉందో!

జవాబు: చక్కటి పరీక్ష, అమ్మా. వాక్యాలను పేర్లుగా పెడితే చిక్కు వచ్చేది అక్కడే. స్పేస్‌ఎక్స్ రాకెట్లు దిగే సముద్రపు బల్లకట్టు ఒకదానికి ‘అఫ్‌కోర్స్ ఐ స్టిల్ లవ్ యూ’ అని పేరు. తెలుగులో అలాంటి పేరు పెట్టి, విభక్తి తగిలించి, రేడియోలో గొడవ రాకుండా ఎలా నెట్టుకొస్తారో చూద్దాం. తరువాతి సమస్య తేటగీతి పాదం, యతి వ–వ:

‘వచ్చుచున్నాననెడి నావ వదలిపోయె’