వార్తని విమర్శనాత్మకంగా చదవడం ఎలా నేర్చుకోవాలి? వైజాగ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

గాజువాక_రీడర్:
నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యారు. నేను బీకాం అయ్యాక ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మా ఇంటికి ఒక పేపర్ వస్తుంది, పక్కింటికి ఇంకోటి. ప్లాంట్ మీద వార్త రెండింట్లో చదివితే అసలు ఒకే విషయం గురించి రాశారా అన్న అనుమానం వస్తుంది. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పటి నుంచీ ఇదే వరస. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు ఒక పేపర్ ప్లాంట్ ఇక గట్టెక్కినట్టే అని రాస్తే, రెండోది కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఏంటని అడిగింది.

ఆఫీసులో ఎవరినడిగినా మీడియా అంతా అమ్ముడుపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది విన్నాక నాకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండట్లేదు. ఏది రాస్తున్నారు, ఏది వదిలేస్తున్నారు, చదివే మనం దేన్ని చూసి నమ్ముతున్నాం, ఇది పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. కోర్సులో చేరాలా? పుస్తకాలు చదవాలా? ఇంగ్లీషు చదవగలను గానీ నెమ్మదిగా.

పాత_డెస్క్:
తమ్ముడూ, కోర్సు సంగతి తర్వాత చూద్దాం. నేను చాలాకాలం పేపర్ డెస్క్‌లో, అంటే వచ్చిన వార్తల్ని దిద్ది హెడ్డింగులు పెట్టేచోట, సబ్ ఎడిటర్‌గా చేశాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్తే పేపర్లన్నీ ఒకచోట దొరుకుతాయి. వాటిలో ఒకే సంఘటన తీసుకో, అదీ నీకు సొంతంగా తెలిసినదై ఉండాలి. నీకైతే ప్లాంట్ ఉండనే ఉంది, నాన్నగారు కూడా పక్కనే ఉన్నారు. తెలియని విషయంతో మొదలుపెడితే ఎవరు బాగా రాస్తే వాళ్ళదే నిజమనిపిస్తుంది.

ఆ వార్త మెయిన్ పేజీలో వచ్చిందా, జిల్లా పేజీలో వచ్చిందా, బ్యానరా, సింగిల్ కాలమా చూడు. ఎవరెవరి మాటలు వేశారో, అందులో ముందు ఎవరిది పెట్టారో చూడు. జరిగిన పని ఎవరు చేశారో శీర్షికలో కనపడుతోందా లేదా అన్నది కూడా గమనించు, 'కార్మికుల తొలగింపు' అని వేస్తే తొలగించింది ఎవరో పాఠకుడికి తట్టదు. అయితే స్థలం సరిపోక కూడా డెస్క్‌లో ఇలాంటి హెడ్డింగులు పెడతాం, కాబట్టి ఒక్క రోజు చూసి కుట్ర అనేయకు. కొన్ని వారాల పాటు ఒక పక్షం పేరే శీర్షికల్లోంచి మాయమవుతుంటే అప్పుడు అనుమానించాలి.

బయటివాళ్ళకి తెలియనిది ఇంకోటుంది. మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కి చాలాచోట్ల జీతం ఉండదు. లైన్ అకౌంట్, అంటే అచ్చయిన మేరకు కొంత డబ్బు. పైగా యాడ్ టార్గెట్ ఉంటుంది. ఏ నాయకుడి అక్రమాల మీద రాయాలో ఆ నాయకుడి దగ్గరికే పుట్టినరోజు యాడ్ కోసం వెళ్ళాలి. 1974 ఆగస్టులో ఈనాడు మన ఊళ్ళోనే మొదలైంది, తర్వాత జిల్లా పేజీలు వచ్చాయి, మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. పల్లెలో బోరు పాడైనా వార్త అయ్యిందంటే వాటి వల్లే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ పేజీలు నడవాలంటే ఆ ఊరి యాడ్సే రావాలి, అది కూడా లెక్కలోకి తీసుకుని చదవాలి.

సీతమ్మధార_88:
ఇంత అవసరమా బ్రో. ఓనర్ ఎవరో, ఏ పార్టీకి దగ్గరో తెలిస్తే చాలు, మిగతాదంతా అందులోనే ఉంటుంది. ఎడిటర్, పబ్లిషర్ పేర్లు పేపర్లోనే చిన్న అక్షరాల్లో వేస్తారు. లైబ్రరీలో పాత ఫైళ్ళు ఉంటే మార్చి మొదటి రోజుల సంచికలు తీసి చూడు, ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ళ పేర్లతో సహా యాజమాన్య వివరాలు ఏటా ప్రకటించాలని రూలు ఉండేది.

ఎంవీపీ_మైత్రి:
సీతమ్మధార గారూ, పాత ఫైళ్ళ సంగతి మంచి మాట. ఓనర్ తెలిస్తే చాలన్నది మాత్రం ఒప్పుకోను. ఓనర్ని బట్టి పేపర్ల మధ్య తేడా అర్థమవుతుంది నిజమే. అన్ని పేపర్లూ, అన్ని ఛానెళ్ళూ కలిసి వదిలేసినదాన్ని ఓనర్‌తో ఎలా వివరిస్తారు?

మన ఊళ్ళోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ సంగతే తీసుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి పక్కనే ఉన్న ఆర్‌ఆర్ వెంకటాపురం మీద కమ్మేసింది, 12 మంది పోయారు, సైరన్ కూడా మోగలేదు. రోడ్ల మీద పడిపోయిన జనాన్ని ఆ రోజు దేశమంతా చూసింది. ఆ ప్లాంట్‌కి సరైన పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019లో అధికారులకి ఇచ్చిన అఫిడవిట్‌లో రాసుకుంది. ఆ కాగితం వార్త అయ్యింది ఎప్పుడు? మనుషులు పోయాక. ఫ్యాక్టరీ గోడ పక్కన బతికే జనం భయం ఏ రోజూ వార్త కాదు, ప్రమాదం జరిగితేనే వార్త. కాలుష్య నియంత్రణ మండలి ఫైళ్ళు చదివే రిపోర్టర్‌ని పెట్టుకునేంత ఓపిక, డబ్బు ఎన్ని ఆఫీసులకి ఉన్నాయి? వాటిని అడిగి చదివే పాఠకులం మనం ఎంతమందిమి? నాకు ఆ మే నెల ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

డబ్బు గురించి అయితే 2009 ఎన్నికల గురించి చదవండి. అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా అచ్చేసిన వైనాన్ని మన రాష్ట్ర వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే ఆధారాలతో బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం పేర్లతో సహా రాసిన నివేదికని కౌన్సిల్ 2010లో పూర్తిగా ప్రచురించలేదు, 2011లో సమాచార కమిషన్ ఆదేశించాకే వెబ్‌సైట్‌లో పెట్టింది. అది పెయిడ్ న్యూస్ మీద ఉచితంగా దొరికే పాఠ్యపుస్తకం. గాజువాక గారూ, నెమ్మదిగానైనా చదవండి.

సమాజం మీడియాని నడిపిన సందర్భాలు కూడా ఉన్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాస్యత వాచకంలో ఒక కథ చదివి సారా దుకాణం మూయించారు. పేపర్లు దాన్ని తర్వాత అందుకున్నాయి, అందుకున్నాక ఉద్యమం జిల్లాలు దాటింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఇందులో ఓనర్ పాత్ర ఎంత, ఆ ఆడవాళ్ళ పాత్ర ఎంత?

భీమిలి_టీచర్:
నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేయిస్తుంటాను, మీకూ పనికొస్తుంది. ఒక వార్త ఇచ్చి అధికారుల మాటల కింద నీలం గీత, నాయకుల మాటల కింద ఎరుపు, మామూలు జనం మాటల కింద ఆకుపచ్చ గీయమంటాను. చాలా వార్తల్లో ఆకుపచ్చకి పనే ఉండదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు, "టీచర్, బోటు పోయినాయన్ని ఎవరూ అడగలేదా" అని.

ఆ మాట వచ్చింది ఫిషింగ్ హార్బర్ అగ్నిప్రమాదం వార్తల మీద. 2023 నవంబర్ 19 రాత్రి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. తెల్లారేసరికి ఒక యూట్యూబర్ ఇచ్చిన పార్టీ వల్లే అని ఛానెళ్ళలో, ఫోన్లలో ఒకటే హోరు. కొన్ని రోజుల తర్వాత పోలీసులు వేరే ఇద్దరిని అరెస్టు చేసి, పారేసిన సిగరెట్ వల్ల అంటుకుందని చెప్పారు. మా క్లాసులో మత్స్యకారుల పిల్లలు ఉన్నారు, వాళ్ళకి ఇది పుస్తకంలో పాఠం కాదు. మొదటి రోజు వార్తలో "అనుమానిస్తున్నారు" అని ఉంటే, అనుమానిస్తున్నది ఎవరు అని రాసి ఉందా? ఈ ఒక్క ప్రశ్న పిల్లలకి వచ్చేస్తే వాట్సాప్ ఫార్వర్డ్‌ని కూడా అలాగే అడుగుతారు. తర్వాత వచ్చిన దిద్దుబాటు ఎంత చిన్నగా వచ్చిందో కూడా కొలిపిస్తాను, స్కేలు పెట్టి.

గాజువాక_రీడర్:
చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. మైత్రి గారు చెప్పిన అఫిడవిట్ సంగతి నాకు తెలియదు. ఒక సందేహం. నాన్న, మా మావయ్య ఒకే టీవీ చర్చ చూస్తారు, నాన్న కోపంతో కట్టేస్తారు, మావయ్య బాగా చెప్పాడంటారు. వార్త ఒకటే అయితే ఈ తేడా ఎక్కడిది? దీనికి థియరీ ఏమైనా ఉందా?

పాత_డెస్క్:
ఉంది. స్టువర్ట్ హాల్ అని ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో పనిచేసిన ఆయన 1973లో దీని మీదే రాశాడు. పంపినవాళ్ళు అనుకున్న అర్థాన్నే కొందరు తీసుకుంటారు, కొందరు సగం ఒప్పుకుని తమ అనుభవంతో సరిచూసుకుంటారు, కొందరు పూర్తిగా ఎదురు తిరుగుతారు. నాన్నగారు బ్లాస్ట్ ఫర్నేస్‌ని దగ్గర నుంచి చూసిన మనిషి, నష్టాలకి కార్మికుల జీతాలే కారణమని యాంకర్ అంటే ఆయన ఎందుకు ఒప్పుకుంటారు? ప్లాంట్‌కి సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడం గురించి అడగలేదేమని ఆయనకి వెంటనే అనిపిస్తుంది. మావయ్యకి ఆ అనుభవం లేదు, తెలివి తక్కువై కాదు.

రెండోది, అమెరికాలో మెకోంబ్స్, షా అనే ఇద్దరు 1968 ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ ఊళ్ళో ఎవరికి వేయాలో ఇంకా తేల్చుకోని వంద మంది ఓటర్లని అడిగి చూశారు. మీడియా వేటికి ఎక్కువ చోటిచ్చిందో వాటినే జనం కూడా ముఖ్యమైన సమస్యలుగా చెప్పారు. దేని గురించి ఆలోచించాలో మీడియా నిర్ణయిస్తుందన్న వాదనకి ఆ పరిశోధన పునాది. మైత్రి గారు చెప్పిన అఫిడవిట్‌ని దీనితో కలిపి ఆలోచించు.

ఇప్పుడు పని మొదలుపెట్టు. ప్లాంట్ అమ్మకం నిర్ణయం 2021 జనవరి 27న జరిగింది, మన ఊరికి తెలిసింది ఫిబ్రవరి మొదటి వారంలో. ఫిబ్రవరి 4 నుంచి పది రోజుల పేపర్లు ఏవైనా రెండు తీసుకో. టీచర్ గారు చెప్పినట్టు రంగులు వెయ్యి, నాన్నగారికి చూపించి వదిలేసింది ఏంటో అడుగు, అవన్నీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. హెడ్డింగులు ఎందుకలా పెట్టి ఉంటారో నాకు తెలిసినంత నేను చెప్తాను.

భీమిలి_టీచర్:
ఫైళ్ళ మీద గీయకండి బాబూ, జిరాక్సులు తీయించుకోండి.