ప్రమాదకర వ్యర్థాల శుద్ధి: పరిశోధన, శిక్షణ రెండింటికీ గ్రాంట్ ఇచ్చేదెవరు?

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. సాల్వెంట్లు (ఇతర పదార్థాలను కరిగించే రసాయన ద్రవాలు), భారలోహాలు ఇంకిన మట్టిని సూక్ష్మజీవులతో శుద్ధి చేసే పద్ధతి మీద మా బృందం ప్రపోజల్ రాస్తోంది.

పరిశోధన ఒక్కటే చాలదని నా నమ్మకం. పరవాడ పారిశ్రామిక ప్రాంతం వైపు రసాయన వ్యర్థాల డ్రమ్ములు దించే కుర్రాళ్లు కొందరు గుడ్డ మాస్కుతోనే పని కానిచ్చేస్తున్నారు. సాల్వెంట్ ఆవిరిని గుడ్డ ఆపదు, దానికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. వాళ్లకు శిక్షణ కూడా ఇదే ప్రాజెక్టులో పెట్టాలని ఉంది.

అమెరికాలో ప్రమాదకర వ్యర్థాలు పేరుకున్న స్థలాల శుద్ధికి సూపర్‌ఫండ్ అనే చట్టం ఉంది; దాని 1986 సవరణతో వచ్చిన సూపర్‌ఫండ్ పరిశోధన కార్యక్రమం యూనివర్సిటీలకు పరిశోధనతో పాటు శిక్షణకూ నిధులిస్తుంది. మన 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు కూడా రీసైక్లింగ్ కార్మికులకు నైపుణ్య శిక్షణ బాధ్యతను రాష్ట్ర కార్మిక శాఖకు అప్పగించాయి. మరి మాలాంటి కాలేజీ ఎవరిని అడగాలి?

పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ నుంచి గ్రాంట్ తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? బడ్జెట్‌లో కార్మికుల శిక్షణ ఖర్చు చూపిస్తే ఒప్పుకుంటారా, లేక దానికి కేంద్ర పర్యావరణ శాఖ గ్రీన్ స్కిల్ కార్యక్రమానికి విడిగా వెళ్లాలా? ప్రభుత్వ యూనివర్సిటీతో కలిసి పెడితే నయమా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.