పట్టుచీర ఫొటోలు 300 కేబీకి దించితే ఎర్ర అంచు అలుక్కుపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. చీరలు అమ్మే సైట్‌లో ఒక్కో ఫొటో 300 కేబీ దాటకూడదు. కెమెరా ఇచ్చేవి 6000×4000 పిక్సెళ్ల జేపెగ్‌లు, ఒక్కోటి 9 ఎంబీ పైనే.

ఇప్పుడు చేస్తున్నది: జింప్‌లో (ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) రంగులను వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, పొడవు వైపు 1600 పిక్సెళ్లకు తగ్గించి, కొద్దిగా షార్పెన్ చేసి, క్వాలిటీ 80తో ఎక్స్‌పోర్ట్. ఎగ్జిఫ్ (ఫొటోలో దాగి ఉండే తేదీ, తీసిన చోటు, ఏ వైపుకి తిప్పి చూపాలి లాంటి వివరాలు) తీసేస్తున్నాం (ఇంటి జీపీఎస్ ఊరందరికీ ఎందుకు?). దానికి ముందే ఫొటోను సరైన వైపుకి తిప్పి సేవ్ చేయాలి, లేకపోతే నిలువు ఫొటో అడ్డంగా పడుకుంటుంది.

తెల్ల, గోధుమరంగు చీరలకు ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా ఆకుపచ్చ మీద ఎర్ర అంచు ఉన్నవాటితోనే. సైజు తగ్గించడానికి రంగు వివరాలను కుదించే 4:2:0 సబ్‌శాంప్లింగ్‌లో రంగు సమాచారం నిలువులో సగం, అడ్డంలో సగం అయిపోతుంది కాబట్టి ఎరుపు పక్కకు పాకుతోంది. రంగును అలా కుదించని 4:4:4 పెడితే అంచు గీత గీసినట్టు వస్తుంది, సైజు మాత్రం 380 కేబీ. క్వాలిటీ 68కి దించితే 300 లోపలికొస్తుంది గానీ జరీ చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు. లాసీ వెబ్‌పీలో (కొంత నాణ్యత వదులుకుని కుదించే మరో ఫొటో ఫార్మాట్) 4:2:0 తప్ప వేరే దారి లేదు. ఏవీఐఎఫ్ అనే ఇంకో ఫార్మాట్‌ను సైట్ తీసుకోదు.

4:4:4 ఉంచేసి 1400 పిక్సెళ్లకు దిగడం మేలా? షార్పెనింగ్ మానేసి, వెనక గోడ మీది నాయిస్‌ను మాత్రమే మెత్తబరిస్తే ఎంత కలిసొస్తుంది? మోజ్‌జేపెగ్‌తో (జేపెగ్‌లను ఇంకా చిన్నగా కుదించే టూల్) జరీ ఫొటోలు కుదించినవాళ్లుంటే వాడిన సెట్టింగులు అంకెలతో సహా చెప్పగలరా?